ఉప్పునీళ్ళలో రాయప్ప పేరు

బేరమాడటంలో ప్రేమావతికి తిరువూరులో జోడు లేదు. ఆమె సంచీ పట్టుకుని బజారు మలుపు తిరిగితే చాలు, కూరగాయల బండ్లవాళ్ళు నాలుగు వంకాయలు ముందే పక్కకు తీసిపెట్టుకునేవారు, కొసరు అడగకుండా కదలదని తెలిసి. అది లోభం కాదు. బేరమన్నది ఇద్దరు మనుషులు ఒకరినొకరు గౌరవించుకునే పద్ధతి అని ఆమె సిద్ధాంతం. చెప్పిన ధరకు నోరెత్తకుండా కొనుక్కుపోయినవాణ్ణి కొట్టువాడు సాయంత్రానికి మరచిపోతాడు. పోట్లాడి కొన్నవాణ్ణి జన్మంతా గుర్తుపెట్టుకుంటాడు. ఏఎన్ఎమ్ ఉద్యోగంలో గంపలగూడెం, వినగడప వైపు పల్లెలు తిరుగుతూ, సూది చూసి ఏడ్చే పిల్లలతోనూ, సూదే వద్దనే తల్లులతోనూ, నలుగురి చోట ఎనిమిదిమందిని కుక్కే ఆటో డ్రైవర్లతోనూ రోజంతా బేరమాడి, ఆ విద్యను ఆమె సానబట్టుకుంది.

అటువంటి ప్రేమావతి రిటైరైన మరుసటి ఏడాది చర్చివాళ్ళతో కలిసి యెరూషలేము యాత్రకు వెళ్ళి, తిరుగుదారిలో కైరోలో దిగి, ఒక కాగితం కొనుక్కొచ్చింది. ఆ కాగితం దగ్గరే ఆమె బేరం మొదటిసారి ఆమెకు ఎదురు తిరిగింది.

కాగితం ఆమె తనకోసం కొనలేదు. భర్త రాయప్ప కోసం కొన్నది. కనుక ముందు రాయప్ప సంగతి చెప్పుకోవాలి.

రాయప్ప బోర్డులు రాసేవాడు. ఒకప్పుడు తిరువూరు నుంచి విస్సన్నపేట దాకా ఏ కొట్టు నెత్తిన చూసినా, ఏ లారీ నుదుట చూసినా, మామిడికాయల మండీ గోడ మీదైనా, బడి గేటు మీదైనా అతని రాతే కనబడేది. గుండ్రాలు గుండ్రంగా, తలకట్లు పొందిగ్గా, ఒత్తులు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి ఉండేవి. తెలుగు అక్షరానికి ఒత్తు పాదం వంటిది. పాదం వంకరైతే నడక ఎంత సింగారించినా దండగే. ఈ సంగతి రాయప్పకు ఎవరూ నేర్పలేదు, చేతికే తెలిసింది.

అతనికి ఒక అలవాటు ఉండేది. బోర్డు పూర్తి కాగానే కుంచె కింద పెట్టి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న టీకొట్టు ముందు నిలబడేవాడు. గ్లాసులో టీ అయిపోయేదాకా తాను రాసిన దాన్ని కొత్తవాడిలా చదివేవాడు. బోర్డు మీది అక్షరం దగ్గరి చూపు కోసం పుట్టలేదు, ఎదురుగా నడిచి వచ్చేవాడి కోసం పుట్టింది అనేవాడు. ఎదురు నుంచి చూసి బాగుంటేనే ఆ పని అయినట్టు. లేకపోతే మళ్ళీ నిచ్చెన ఎక్కేవాడు.

తక్కిన పెయింటర్లు బోర్డు మూల "ఫలానా ఆర్ట్స్" అని తమ పేరు ఇరికించేవారు. రాయప్ప ఆ పని ఎన్నడూ చేయలేదు. "వాళ్ళ కొట్టు మీద నా పేరెందుకు?" అనేవాడు. ఇది ప్రేమావతికి ముల్లులా గుచ్చుకునేది.

"ఊరందరి పేర్లూ రాస్తారు. మీ పేరొక్కటి ఎక్కడా లేదేంటండీ?" అని నిలదీసేది.

"ఎవడో ఒకడు రాస్తాళ్ళే, సమాధి మీద. అప్పుడు తప్పు రాసినా దిద్దటానికి నేనుండను. అదొక్కటే దిగులు" అని నవ్వేవాడు రాయప్ప.

ప్రేమావతికి నవ్వు వచ్చేది కాదు. ఈ మనిషి పేరు ఇంకొకరి చేతి మీదుగా, అందంగా, అతను బతికి ఉండగా, అతని కళ్ళ ఎదుట రాయబడాలని ఆమెకు పట్టుదల. చిన్న కోరికే. కానీ ఊళ్ళో బాగా రాయగలిగినవాడు రాయప్ప ఒక్కడే కావటంతో ఆ చిన్న కోరిక తీరే దారి లేకపోయింది.

ఇంతలో ఫ్లెక్సీలు వచ్చాయి. రాయప్ప కుంచెలు రేకుపెట్టెలోకి వెళ్ళాయి. అతని శిష్యుడు సురేష్ బాబు కాలం చూసుకుని ఫ్లెక్సీ ప్రింటింగు కొట్టు పెట్టాడు. రోజూ పొద్దున్నే రాయప్ప ఆ కొట్టుకు వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని, శుభాకాంక్షలలో ఊడిన ఒత్తులనూ, శ్రద్ధాంజలిలో తారుమారైన దీర్ఘాలనూ వెతికి దిద్దిపెట్టి వచ్చేవాడు. చనిపోయినవాడి పేరు తప్పుగా వేయటం వాణ్ణి రెండోసారి చంపటమేనని అతని అభిప్రాయం. ఈ విషయంలో అతనితో విభేదించే మనిషి ఉంటాడనుకోను.

యాత్రకు రాయప్ప కూడా వెళ్ళవలసిందే. మోకాళ్ళు ఒప్పుకోలేదు. "నువ్వెళ్ళి చూసిరా ప్రేమా, నీ కళ్ళతో చెప్తే నేను చూసినట్టే" అన్నాడు.

కైరోలో గైడు అందరినీ ఒక కొట్టుకు తీసుకెళ్ళాడు. వాళ్ళ వెంట ఉన్న పాస్టరుగారు గైడు ఇంగ్లీషును తెలుగులోకి తిప్పుతున్నారు. లోపల నీళ్ళ తొట్టిలో పచ్చని కాడల గుత్తి ఒకటి ఉంది. ఒక్కో కాడ మనిషి ఎత్తుకు మించి, చివర గొడుగులా కుచ్చు. కాడ గుండ్రంగా లేదు, మూడు పలకలుగా ఉంది. ప్రేమావతి వేళ్ళతో తడిమి చూసి, "ఇది మన తుంగేగదండీ! చెరువు గట్టున ఉండేదే. కాకపోతే ఒళ్ళు చేసింది" అంది. పాస్టరుగారు ఆ మాట గైడుకు చెప్పారు. గైడు ఆశ్చర్యపోయి, అవును, ఆ కుటుంబానిదే, దీని పేరు పాపిరస్ అన్నాడు. అప్పటినుంచి ప్రేమావతికి ఆ మొక్క మీద చుట్టరికం ఏర్పడిపోయింది.

ఒక పిల్ల ఆ కాడ పచ్చతోలు ఒలిచి, లోపలి తెల్లని బెండును సన్నని పేళ్ళుగా కోసింది. వాటిని నానబెట్టి, గుడ్డ మీద ఒక వరస నిలువుగా, దాని మీద ఇంకొక వరస అడ్డంగా పేర్చి, సుత్తితో తట్టి, బరువు కింద పెట్టింది. జిగురు లేదు, గంజి లేదు. కాడలోని రసమే పేళ్ళను అతికిస్తుంది. ఎండితే కాగితం. వేల ఏళ్ళ నాడు అక్కడివాళ్ళు లెక్కలూ, ప్రార్థనలూ, వైద్యాలూ అన్నీ దీనిమీదే రాసుకున్నారట. రాతే కాదు, దీని కాడలను మోపులుగా కట్టి పడవలు చేశారు, తోలుతో తాళ్ళు పేనారు, చాపలూ బుట్టలూ అల్లారు, చెప్పులు కుట్టుకుని తొడుక్కున్నారు, మొదలు దగ్గరి తెల్లని భాగాన్ని చెరుకుగడలా నమిలారు, దుంపను వంటచెరకుగా పొయ్యిలో పెట్టారు. మనకు తాటిచెట్టు ఎంతో వాళ్ళకు ఇది అంత.

దీపపు మసిలో జిగురు కలిపి నల్ల సిరా, ఎర్రమట్టితో ఎర్ర సిరా చేసుకునేవారట. ముఖ్యమైన మాట వచ్చినచోట ఎరుపు వాడేవారట. తప్పు పడితే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసేవారట. కాగితం ఖరీదైనది కాబట్టి పాత రాత మొత్తం కడిగేసి కొత్త సంగతి రాసుకోవటమూ ఉండేదట. ఇవన్నీ ప్రేమావతి శ్రద్ధగా విన్నది, ఇంటికి వెళ్ళి రాయప్పకు చెప్పాలి గనుక.

తరవాత అసలు పని మొదలైంది. అచ్చువేసిన బాతుల బొమ్మలూ, పాపిరస్ పొదలూ అంచుగా ఉండి, నడుమ కోడిగుడ్డు ఆకారంలో ఒక ఖాళీ గడి ఉన్న కాగితం ఆమెకు నచ్చింది. ఆ గడిలో ఎవరి పేరు కావాలంటే వారి పేరు పాత ఈజిప్టు అక్షరాల్లో అప్పటికప్పుడు కుంచెతో రాసి ఇస్తారు. పూర్వం రాజుల పేర్లకు మాత్రమే ఆ గుండ్రని గీత గీసేవారట.

కొట్టువాడు ధర చెప్పాడు. ప్రేమావతి తెలుగులో నవ్వింది. అతను అరబ్బీలో ఒట్టు పెట్టుకున్నాడు. ఆమె సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అతను వెనక్కి పిలిచాడు. "నీ పిల్లలు చల్లగా ఉండాలి నాయనా, ఇంకొంచెం దిగు" అని ఆమె అరచేయి కిందికి ఆడించింది. యాత్రకు వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. చివరికి అతను రెండు చేతులూ పైకెత్తి, ఆమె అన్న ధరకే ఇచ్చి, పైన చెంబెడు పుదీనా టీ కూడా పోశాడు. కొసరన్నమాట.

పేరు చెప్పమన్నారు. "రా... య... ప్ప" అని ప్రేమావతి ఒత్తు పలికించి మరీ చెప్పింది. రాసే ముసలాయన తలవంచుకుని గడిలో ఒక నోరు, ఒక గద్ద, రెండు రెల్లాకులు, మళ్ళీ గద్ద, రెండు పీటలు, ఇంకొక గద్ద వేశాడు. అదే రాయప్ప అట.

తిరువూరులో ఆ కాగితం చేతికివ్వగానే రాయప్ప కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఈ పీటలు రాసినోడిది తిరిగిన చెయ్యే ప్రేమా. కుంచె ఎక్కడెత్తాడో తెలీట్లా చూడు" అన్నాడు. ఆ తరవాత, "ఇది నా పేరేనా?" అన్నాడు.

"మీదేనండీ. రాజులకి రాసినట్టు రాశారు."

రాయప్ప ఆ రోజు ఫ్లెక్సీ కొట్టుకు కూడా వెళ్ళలేదు. ప్రేమావతికి విమానం దిగినప్పటి నొప్పులన్నీ ఆ క్షణంలో పోయాయి.

ఆ సంతోషం గ్లోరి వచ్చేదాకానే.

గ్లోరి ప్రేమావతికి తోడికోడలు, రాయప్ప తమ్ముడి భార్య. అంతకు ముందటి ఏడాదే యాత్ర చేసి వచ్చింది. ఆమె కూడా ఒక పాపిరస్ బొమ్మ తెచ్చి, అద్దం కట్టించి హాల్లో తగిలించింది. చెప్పిన ధరకు కొన్నది. ఎవరు వచ్చినా మొదట ధర చెప్పి, తరవాత బొమ్మ చూపిస్తుంది.

"నీకెంతకిచ్చాడక్కా?" అని అడిగింది గ్లోరి, సోఫాలో సర్దుకుని.

ప్రేమావతి చెప్పింది, గర్వంగానే.

గ్లోరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో అక్కా! అంత తక్కువకి అసలుదెలా వస్తుంది? అరటి పీచుతో చేసి అంటగడతారంట. మా గైడు మరీ మరీ చెప్పాడు."

"అంటే మీ బావగారి పేరు అరటాకు మీద రాయించానంటావా?"

"నేనెందుకంటానక్కా? విస్తట్లో అన్నం తిని విస్తరి పారేస్తాం కదా, పేరు పారెయ్యలేంగా అని బాధపడుతున్నా, అంతే."

ఆ మాట ప్రేమావతికి సూటిగా తగిలింది. ఎక్కువ పోసి కొని ఉంటే ఈ అనుమానమే రాదు. తన నేర్పే తన సరుకుకు మచ్చ అయింది. ఎవరైనా వంకాయలను గురించి అని ఉంటే నవ్వి ఊరుకునేది. ఇది రాయప్ప పేరు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఇంకొకరి చేత రాయించిన పేరు. అది నకిలీ ఆకు మీద ఉన్నదంటే ఆ కోరిక తీరినట్టా, తీరనట్టా?

సురేష్ బాబును పిలిపించింది. అతను ఫోనులో చూసి పరీక్షలు చెప్పాడు. "వెలుతురుకి పట్టి చూడాలంటమ్మా. అడ్డం నిలువు గీతలు కనపడితే అసలుదంట."

కిటికీకి పట్టి చూశారు. నేతచీరలో పడుగూ పేకా లాగా గీతలు కనబడ్డాయి. ప్రేమావతి ఊపిరి పీల్చుకునేలోగా గ్లోరి, "గీతలు కూడా అచ్చేస్తున్నారంటగా ఇప్పుడు" అంది.

"ఇంకోటుంది" అన్నాడు సురేష్ బాబు, చెప్పాలా వద్దా అన్నట్టు. "నీళ్ళలో వేస్తే అసలుది చెక్కుచెదరదంట. అరటిది పీచుపీచు అయిపోద్దంట."

"వద్దులే ప్రేమా" అన్నాడు రాయప్ప మంచం మీద నుంచి. "అరటిదైతే మాత్రమేంటి? పేరు నాదేగా."

"మీరూరుకోండి. ఆదివారం ప్రార్థనవ్వగానే నీళ్ళలో వేస్తా. గ్లోరీ, నువ్వు దగ్గరుండి చూడు."

ఆదివారం పెరట్లో చప్టా మీద ప్లాస్టిక్ బకెట్టు పెట్టింది. నీళ్ళు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి కలిపింది. ఎందుకని అడగనక్కరలేదు. కొత్త నూలుచీర ఇంటికి వస్తే ఈ ప్రాంతపు ఆడవాళ్ళు ముందు చేసే పని అదే. ఉప్పునీళ్ళలో నానితే రంగు నిలుస్తుందని నమ్మకం. అయితే ఆ శాస్త్రంలోనే ఇంకొక సూత్రం ఉంది: ముందు చీర మొత్తం ముంచకూడదు, చెంగు చివర ముంచి చూడాలి. చీరల విషయంలో ప్రేమావతి ఆ సూత్రాన్ని ఏనాడూ తప్పలేదు. ఆ రోజు మాత్రం గ్లోరి వైపు చూస్తూ కాగితం మొత్తం ముంచింది.

కాగితం నీళ్ళలో మెత్తబడింది. చిరగలేదు. ప్రేమావతి తీసి వంచింది, గుడ్డలా వంగింది. మడిచింది, విరగలేదు. రెండు చేతులా లాగింది, ఒక్క పీచు ఊడలేదు. బాతులు బాతుల్లాగే ఉన్నాయి.

"చూశావా! చూశావా గ్లోరీ!"

"అక్కా..." అంది గ్లోరి. ఆమె చూస్తున్నది కాగితాన్ని కాదు, బకెట్టును. నీళ్ళు నల్లబడుతున్నాయి.

అచ్చువేసిన బాతులది ఒక రంగు, ముసలాయన అప్పటికప్పుడు కుంచెతో వేసిన అక్షరాలది ఇంకొక రంగు. మొదట నోరు కరిగింది. తరవాత పీటలు చెదిరాయి. ప్రేమావతి గబగబా కాగితాన్ని చప్టా మీద పరిచి చెంగుతో అద్దబోయింది. ఆ అద్దడంతో మూడు గద్దలూ ఒక్కసారే ఎగిరిపోయాయి. రాజుల గుండ్రని గీతలో ఏమీ మిగలలేదు.

గ్లోరికి గెలవాలని ఉన్నదే గాని ఇలా కాదు. "అయ్యో, నా నోట్లో మన్నుబడ! నేను అనకపోయినా బాగుండేదక్కా" అని నిజంగానే బాధపడి, బకెట్టు పక్కకు జరిపి, ప్రేమావతిని లేపబోయింది. ప్రేమావతి లేవలేదు. బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయింది. కాగితం అసలుదని ఇప్పుడు తిరువూరంతా ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలును ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

రాయప్ప గోడ పట్టుకుని మెల్లగా వచ్చాడు. తడికాగితాన్ని ఎత్తి, పాత నూలుచీర మడతల మధ్య పెట్టి, పైన పీట పెట్టించి, దానిమీద సురేష్ బాబు చేత బియ్యం బస్తా వేయించాడు. కైరోలో ఆ పిల్ల చేసింది సరిగ్గా ఇదేనని ప్రేమావతికి తట్టింది.

కాగితం ఎండి, చదునుగా, ముందుకంటె గట్టిగా బయటికి వచ్చింది.

"మొన్న కిటికీ దగ్గర నా ఫోనులో తీసిన ఫోటో ఉంది కదమ్మా" అన్నాడు సురేష్ బాబు. "ఆ అక్షరాలు అలాగే ప్రింట్ తీసి అంటిస్తా. తేడా ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది" అంది ప్రేమావతి. తరవాత భర్త వైపు తిరిగి, "మీరే రాయండి. తెలుగులోనే రాయండి. ఇంకేం చేస్తాం?" అంది.

"నా పేరు నేను రాసుకుంటే అది సంతకమవుద్ది. బోర్డు అవదు" అన్నాడు రాయప్ప.

అని, రేకుపెట్టె తెమ్మన్నాడు. తెరిచి చూస్తే, ఇన్నేళ్ళుగా ముట్టనివని అందరూ అనుకుంటున్న కుంచెలు ఆముదం పూసి మెత్తగా, వెంట్రుక చెదరకుండా ఉన్నాయి. ఇక రాసేది లేదని చెప్పినవాడు ఆముదం ఎందుకు పూస్తూ వచ్చాడో అడిగే ధైర్యం సురేష్ బాబుకు లేకపోయింది. రాయప్ప వాటిలో సన్నని కుంచె ఒకటి ఏరి, ప్రేమావతి చేతికిచ్చాడు.

"నాకేంటి?"

"తుడిచి మళ్ళీ రాసుకునేవాళ్ళని నువ్వేగా చెప్పావు. రాయి."

"నాకు కుంచె పట్టటం కూడా రాదండీ!"

"మూడు రోజుల పిల్లలకి సూదులు వేశావు. కుంచెకి భయమా? బొటనవేలు అలా కాదు. ఆ, అలా. ఊపిరి బిగపట్టకు, గీత వణుకుద్ది."

ఆమె అతనితో కూడా బేరమాడి చూసింది. సగం మీరు రాయండి అంది. పోనీ ఒత్తొక్కటీ మీరు పెట్టండి అంది. రాయప్ప దిగలేదు. లారీల మీద రాసే ఎర్ర ఎనామిల్ పెయింటు తెప్పించాడు. ముఖ్యమైన మాటకు ఎరుపే కావాలి, పైగా దానికి ఏ ఉప్పునీళ్ళ భయమూ లేదు. గడిలో సుద్దతో రెండు గీతలు కొట్టి పక్కన కూర్చున్నాడు.

"రా" కొంచెం ఒరిగింది. "య" మెలికల ముగ్గులా బొద్దుగా వచ్చింది. "ప్ప" దగ్గరకు వచ్చేసరికి చోటు చాలక, కింది ఒత్తు గుండ్రని గీత దాటి, బొమ్మలో బాతుల పక్కనున్న నీళ్ళలో కాలు పెట్టింది. ప్రేమావతి నాలుక కరుచుకుంది.

"తడిగుడ్డ తేనా? తుడుస్తా."

"ఎనామిల్ తడిగుడ్డకి పోదు. ఉండనీ."

వీధి వాకిలికి ఎదురుగా, హాలు గోడకు మేకు కొట్టి తగిలించారు. గ్లోరి వచ్చి, తల ఒక పక్కకు వంచి, "అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి కదక్కా?" అంది.

"ఉంటే ఉన్నాయిలే. ఉప్పు ఇంకా మిగిలింది. నీది కూడా తెస్తావా, ముంచుదాం?"

గ్లోరి కాఫీ ఉందా అని అడిగింది.

అంతలో రాయప్ప కనబడలేదు. వెతికితే, మోకాళ్ళు పట్టుకుంటూ గుమ్మం దిగి, రోడ్డుకు అవతలి వైపు చేరి, టీకొట్టు బల్లకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు ఉంది. మధ్యలో షేర్ ఆటోలు అడ్డం వచ్చిపోతున్నాయి. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా మెడ సాచి, తెరిచిన వాకిట్లోంచి గోడవైపు చూస్తున్నాడు. ప్రేమావతి గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. నిచ్చెన మళ్ళీ ఎక్కాలో వద్దో చెప్పేది ఆ వైపు నుంచే.

రాయప్ప టీ చివరి చుక్క దాకా తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ప్రేమా! కొంచెం పక్కకి జరుగు, అడ్డమొస్తున్నావు" అని కేకేశాడు. ఇంకొక టీ పొయ్యమని కొట్టువాడికి చెప్పాడు.